మిరుగం నాటి బంగ్లా రొట్టె

లక్సెట్టిపేటలో మొండయ్య చెప్పే చేపల రొట్టె కథ విననివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే, వాళ్ళు ఆ పొద్దున బస్సుకే దిగి ఉండాలి. మధ్యాహ్నం దాకా ఊళ్ళో ఉంటే చాలు, వినేస్తారు. మనిషి మంచివాడే. రెండెకరాల మెట్ట చెలక, ఒక జత ఎడ్లు, నోట్లో చుట్ట. చుట్ట ఆరిపోయినప్పుడల్లా కథ మొదలవుతుంది. బెల్లంపల్లి బొగ్గుబాయి తెల్లదొర బంగ్లాలో తాను పన్నెండేళ్ళు వంట చేశానని, తన చేతి ‘ఫిష్ పై’ తినందే దొరకు ఆదివారం గడిచేది కాదని మొండయ్య చెబుతాడు. చేపల కూర మీద గోధుమపిండి దుప్పటిలా కప్పి, కిందా మీదా నిప్పు పెట్టి కాల్చే వంటకం అది. మొండయ్య ఇంట్లో దాన్ని చేపల రొట్టె అనేవాళ్ళు. పేరు ఉంది గాని, ఆ ఇంట్లో దాన్ని ఎవరూ తిన్న పాపాన పోలేదు.

కథ ఏటేటా పెరిగేది. పోలీసు చర్య అయ్యాక దొర తన దేశం పోయాడు, మొండయ్య పెళ్ళాం బిడ్డతో సొంత ఊరికి వచ్చాడు. ఆ ఏడు చెప్పిన కథలో దొర ఒక ముక్క తిని బాగుందన్నాడు, అంతే. మూడో ఏటికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఐదో ఏటికి దొరసాని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పదో ఏటికి, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ రెండో ఏడాదికి, హైదరాబాదు నుంచి వచ్చిన ఇంకా పెద్ద దొర ఒకడు పళ్ళెం నాకి, మొండయ్యను తనతో లండన్ రమ్మని బతిమాలాడు. మరెందుకు పోలేదని ఎవరైనా అడిగితే, “నేను పోతె ఎడ్లను ఎవలు సూస్తరు?” అనేవాడు మొండయ్య. అప్పటికి ఎడ్లు కొననే లేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

ఇక ఉన్న మాట చెప్పుకోవాలి. బంగ్లాలో వంటవాడు ఖాసీం మియా. మొండయ్యది వెనక పెరట్లో ఇటుకల భట్టీ ముందు కూర్చునే కొలువు. కట్టెలు కొట్టడం, మంట పెట్టడం, నిప్పులు సర్దడం, మసి తుడవడం. పన్నెండేళ్ళలో రొట్టె భట్టీలోకి పోవడం చూశాడు, బయటికి రావడం చూశాడు. దాని లోపల ఏముంటుందో మీకూ నాకూ ఎంత తెలుసో, మొండయ్యకూ అంతే తెలుసు.

అదలా సాగిపోయేదే, బిడ్డ బాలలక్ష్మి రాకపోతే.

బాలలక్ష్మిని చొప్పదండిలో ఇచ్చి మూడేళ్ళయింది. మిరుగానికి అయిదు రోజుల ముందు, నెత్తి మీద మూట పెట్టుకుని ఒక్కతే దిగింది. మిరుగమంటే మృగశిర కార్తె వచ్చే రోజు. ఆ రోజు చేప ఉడకని పొయ్యి అటువైపు ఉండదు. కాళ్ళు కడుక్కుని, చెంబెడు నీళ్ళు తాగి, బాలలక్ష్మి తండ్రి ముందు కూర్చుంది.

“బాపూ, మిరుగం నాడు మా అత్త వస్తున్నది. మీ అల్లుడు తోలుకొస్తడు. బంగ్లా చేపల రొట్టె ఏందో ఆమె సూడాలెనట. నేను మాటిచ్చి వచ్చిన.”

మొండయ్య నోట్లో చుట్ట పక్కకు వాలింది.

“ఎందుకిచ్చినవ్ బిడ్డా?”

“మూడేండ్ల సంది చెప్తున్న గదా నీ సంగతి. ఊకె చెప్పుడేనా, సూపిస్తవా అన్నది. సూపిస్తనన్న. ఇగ నా మాట నీ చేతుల ఉన్నది.”

ఆ అత్త పోశవ్వ గురించి ఒక్క ముక్క చెబితే చాలు. వేరేవాళ్ళ పెళ్ళి పందిట్లో అందరూ లొట్టలు వేస్తుంటే, పప్పులో ఉప్పు తక్కువైందని పెళ్ళికొడుకు తండ్రి మొహం మీదే చెప్పిన మనిషి ఆమె. మొండయ్య లెక్క వేసుకున్నాడు. తాను నవ్వులపాలైతే పెద్ద నష్టం లేదు, నాలుగు రోజులు చెలక దగ్గర పడుకుంటే సరిపోతుంది. కాని బిడ్డ బతకవలసింది ఆ ఇంట్లో. “మీ బాపు బంగ్లా ముచ్చట లెక్క ఉన్నది” అని పోశవ్వ ఒక్కసారి అన్నదంటే, ఇక ఆ పిల్ల ఏం చెప్పినా ఆ మాటే ఎదురొస్తుంది. తన కోతలు తీసుకుపోయి పిల్ల అత్తింట్లో దాచుకుందని తలుచుకుంటే మొండయ్యకు తిన్నది ఒంటబట్టలేదు.

తప్పించుకోవడానికి ప్రయత్నం చేయకపోలేదు. వెన్న కావాలె, ఈ ఎండల ఏడ దొరుకుతది అన్నాడు. బాలలక్ష్మి మూట విప్పి ముంతెడు వెన్న తీసి ముందు పెట్టింది. గోధుమపిండి మనూళ్ళ ఎవలు తింటరు అన్నాడు. అదీ మూటలోనే ఉంది. గట్లయితే కొర్రమట్ట కావాలె, వేరే చేప పనికిరాదు అన్నాడు. బెస్త గంగయ్యకు ఊళ్ళోకి వచ్చేటప్పుడే చెప్పి వచ్చానంది. ఇక భట్టీ లేదు గదా అన్నాడు ఆశగా.

“భట్టీ నువ్వు కట్టవా బాపూ?” అంది బాలలక్ష్మి, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆ సాయంత్రం పెరట్లో భార్య బుచ్చవ్వ గడ్డి వేస్తుంటే, మొండయ్య ఎడ్ల చాటున నిలబడి గొంతు తగ్గించి అంతా చెప్పేశాడు. తాను ఎన్నడూ వంట చేయలేదని, మంట పెట్టేవాడినని, ఇంతకాలం అబద్ధమాడానని. బుచ్చవ్వ గడ్డి వేయడం ఆపలేదు.

“ఎరుకే.”

“ఎట్లెరుక?”

“పన్నెండేండ్లు నీ బట్టలు పిండింది ఎవలయ్యా? ఒక్క మసాల మరక ఉన్నదా? ఎన్నడు సూసినా మసే.”

“మరి అడగకపోతివి.”

“అడిగితె నువ్వేం చెప్తవ్, ఇంకో ముచ్చట చెప్తవ్,” అంది బుచ్చవ్వ. “పొద్దున మొదటి బస్సుకు మంచిర్యాల పో. ఆ ఖాసీం మియా ఆడనే టేషన్ కాడ చాయ్ దుకాణం పెట్టిండట. కాళ్ళు పట్టుకుంటవో గడ్డం పట్టుకుంటవో, కనుక్కొని రా.”

మొండయ్య పోయాడు. ఖాసీం మియా గడ్డం పూర్తిగా నెరిసింది గాని గొంతు అప్పటిదే. సంగతి విని, చాయ్ వడపోసే గుడ్డ చేతిలో పట్టుకునే నవ్వాడు, చాయ్ తాగుతున్న గిరాకీలు తిరిగి చూసేదాకా నవ్వాడు.

“అరే మొండయ్యా, బారా బరస్, పన్నెండేండ్లు, భట్టీ ముంగట కూసున్నవ్. ఒక్కసారన్న తల లేపి నా గిన్నెల సూడలేదా?”

“తల లేపితె మంట ఎవలు సూస్తరు సాబ్?”

ఖాసీం మియా నవ్వు ఆపాడు. “అదీ నిజమే,” అన్నాడు. “నీకు జరమొచ్చిన వారం మంట నేనే పెట్టుకున్న. పైన బొగ్గు, లోపల పచ్చి. దొరసాని కూసోబెట్టి అంత నాతోనే తినిపిచ్చింది. ఇప్పటికీ నోట్ల చేదు పోలే.”

తర్వాత వేళ్ళు మడిచి వంట చెప్పాడు. చేపను పాలల్లో ఉడకబెట్టాలి. ముళ్ళు తీయాలి. వెన్నలో పిండి వేయించి, ఆ పాలే పోసి చిక్కగా చేయాలి. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, మిరియాల పొడి. దాని మీద వెన్న కలిపిన గోధుమపిండి పరిచి అంచులు నొక్కాలి. మొండయ్యకు రాత రాదు. మూడుసార్లు చెప్పించుకుని, బస్సులో దారి పొడుగునా అదే వల్లించుకుంటూ వచ్చాడు. పక్కన కూర్చున్న ముసలమ్మ వినీ వినీ, “మంచి మంత్రమే నాయినా, దేనికి పని చేస్తది?” అని అడిగింది.

మిరుగం రానే వచ్చింది. పొద్దున్నే గంగయ్య రెండు కొర్రమట్టలు, మూరెడేసి ఉన్నవి, బతికున్నవి, తొట్టిలో వేసి పోయాడు. మొండయ్య పెరట్లో మోకాలి లోతు గుంత తవ్వి, చుట్టూ ఇటుక ముక్కలు పేర్చి, చింత మొద్దులు రాజేశాడు. బుచ్చవ్వ చేపలు తోమి, కోసి, కడిగి ముందు పెట్టుకుంది. ఇక చెప్పమంది. మొండయ్య గొంతు సవరించుకున్నాడు.

“మొదలు చేపలల్ల పాలు పొయ్యాలె.”

బుచ్చవ్వ చేతిలో గంటె ఆగిపోయింది. ఈ లోకంలో ఆమెకు ఎన్ని అనుమానాలున్నా ఒక సంగతిలో మాత్రం లేదు. చేపలు తిన్న నోటితో పాలు తాగితే ఒంటి మీద తెల్లమచ్చలు లేస్తాయి. వాళ్ళ అవ్వ చెప్పింది, అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది. మిరుగం నాడు ఇంటికి పాలు పోసే మనిషిని కూడా గుమ్మం బయటే నిలబెడుతుంది ఆమె.

“చేపలల్ల పాలా? మతి ఉండే మాట్లాడుతున్నవా? బొల్లి లేస్తది.”

“దొరలు తినలేదా?”

“తిన్నరు. గందుకేగదా అంత తెల్లగయింది.”

మొండయ్యకు ఆలోచిస్తే అదీ నిజమేనేమో అనిపించింది. పాలు లేకపోతే బంగ్లా రొట్టె కాదు, పాలు పోస్తే పోశవ్వ ముట్టదు. ముట్టకపోవడమే కాదు, నన్ను చంపడానికి పిలిచారని చొప్పదండి అంతా చాటుతుంది. మొండయ్య అరుగు మీద కూలబడ్డాడు. వల్లించిన మంత్రంలో మొదటి ముక్కే పోయాక మిగతాది ఎందుకూ కొరగాకుండా పోయింది.

“లే, మంట సూస్కో పో,” అంది బుచ్చవ్వ. “లోపల ఏమున్నదో ఆమెకేమెరుక? నీకే ఎరుకలేకపాయె.”

మొండయ్య తెచ్చి పక్కన పెట్టుకున్న పాలగిన్నె తీసి పొరుగింటికి పంపేసింది. చేప ముక్కలు ఉప్పు, పసుపు వేసి ఉడకబెట్టి, ఒక్కొక్క ముల్లూ ఏరింది. ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, అల్లం ఎల్లిపాయ నూరి వేసి, కారం, ధనియాల పొడి, ఆలుగడ్డ ముక్కలు, చివరికి దోసెడు చింతచిగురు నలిపి వేసింది. ఆ వాసనకు మొండయ్య బంగ్లానే మరిచిపోయాడు. బాలలక్ష్మి వెన్న వేసి పిండి పిసికి, పీట మీద ఒత్తి, వెడల్పాటి మట్టి చట్టిలో కూర పోసి, దాని మీద పిండి పరిచింది. అంచుల చుట్టూ బొటనవేలితో నొక్కింది.

అంతలో పోశవ్వ దిగింది. వెనక అల్లుడు హనుమండ్లు, ఎడ్లు విప్పుతూ. పోశవ్వ అటూ ఇటూ చూడకుండా, పలకరింపులు కూడా నడుస్తూనే ముగించి, నేరుగా పెరట్లోకి వచ్చి, పీట వేయించుకుని గుంత ఎదురుగా కూర్చుంది.

“ఇగ కానియ్యి తమ్మీ. నేను సూస్త.”

మొండయ్య భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. కాని చట్టి గుంతలో మూడు రాళ్ళ మీద దించి, ఇనుప పెనం మూత పెట్టి, పార చేతిలోకి తీసుకున్నాక మనసు కుదుటపడింది. పెనం మీద నిప్పులు పలచగా పరిచాడు. అంచులకు కొంచెం ఎక్కువ, నడుమ తక్కువ. కిందివి వెనక్కి లాగాడు. అరచేయి పైన పట్టి ఏడు దాకా లెక్కపెట్టి, రెండు నిప్పులు తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ పట్టాడు. ఈసారి తొమ్మిది దాకా చేయి వేడికి ఆగింది. ఇప్పుడు ఆయన ఎవరికీ కథ చెప్పడం లేదు. పోశవ్వ ఉందన్న సంగతి కూడా మరిచిపోయాడు.

సగం కాలిందో లేదో, ఉత్తరం నుంచి చల్లగాలి కొట్టింది. తల ఎత్తకుండానే మొండయ్యకు తెలిసిపోయింది. ఆ ఏటి మొదటి వాన, సరిగ్గా కార్తె నాడే, చెప్పి పంపినట్టు వచ్చింది. వీధిలో జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి వానకు చేతులు జోడిస్తున్నారు. లక్సెట్టిపేట మొత్తంలో, సొంతంగా రెండెకరాల చెలక ఉండి కూడా, ఆ వానను తిట్టిన రైతు మొండయ్య ఒక్కడే.

“బుచ్చీ, గొంగడి,” అని అరిచాడు.

బుచ్చవ్వ గొంగడి విసిరింది. రెండు చేతులతో దాన్ని గుంత మీద పందిరిలా ఎత్తి పట్టి, మొండయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వీపు తడుస్తోంది, మొహం కాలుతోంది. పొగకు కళ్ళు మూసుకుని చెవి ఒగ్గాడు. హనుమండ్లు సాయం చేద్దామని వచ్చి, ఒకసారి మూత తీసి చూద్దామా మామా అన్నాడు. ముట్టితె చేయి ఇరుగుతది అన్నాడు మామ. అల్లుడితో అలా మాట్లాడడం అదే మొదటిసారి. చట్టిలోంచి వెన్న చిటపటలు వస్తున్నాయి. అవి తగ్గి, సన్నగా గుసగుస మొదలై, అదీ ఆగిపోయింది. కమ్మటి వాసన ఒకటి వచ్చింది. పన్నెండేళ్ళు ఆదివారం ఆదివారం ముక్కుకు తగిలిన వాసన, చింతచిగురు తోడయిందంతే.

“అయింది,” అన్నాడు మొండయ్య.

వసారాలో అందరూ కూర్చున్నారు. మూత తీస్తే, రొట్టె ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే రంగు, పండిన జొన్న కంకి రంగు. బాలలక్ష్మి బొటనవేలి గుర్తులు చుట్టూ అలాగే నిలిచి ఉన్నాయి. గంటెతో కొడితే కరకరమని విరిగింది. పోశవ్వ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. రెండోది పెట్టుకుంది. ఆకు ముందుకు జరిపి, ఇంకొంచెం వెయ్యమంది. బాలలక్ష్మి వేసింది, తలొంచుకుని.

“చింతచిగురు మంచిగ పడ్డది,” అంది పోశవ్వ. “ముల్లన్నది నాలికెకు తగల్లే. ఉప్పు సుత సరిపోయింది. మొండయ్యా, నీ చేయి మంచి చేయి. దొరలు గందుకే వదల్లే.”

గండం గడిచింది. బిడ్డ మాట నిలబడింది. మొండయ్య నోటి దగ్గరికి లండన్ కథ తయారై వచ్చింది కూడా. కాని తలుపు పక్కన గంటె పట్టుకుని బుచ్చవ్వ నిలబడి ఉంది. పొద్దున్నుంచి ముళ్ళేరిన వేళ్ళు, చెమట పట్టిన మొహం. తన వంటకు మెప్పు మొగుడి ఖాతాలో పడుతుంటే, ఆమె అదేమీ విననట్టు అన్నం గిన్నె సర్దుతోంది. మొండయ్య ఆ కథను మింగేశాడు.

“అక్కా, గది నా చేయి కాదు,” అన్నాడు. “లోపలిది మా ఇంటామె వండింది. మీదున్న పిండి నీ కోడలు పరిచింది. నేను బంగ్లాల ఎన్నడు వంట జేయలే. మంట వెట్టెటోన్ని, గంతే. నా కోతలు నమ్మి పిల్ల నీకు చెప్పింది. తప్పు నాది. దాన్నేమనకు.”

పోశవ్వ నములుతున్నది మింగి, నీళ్ళు తాగింది.

“నువ్వు వంటోనివని నీ బిడ్డ నాతోని ఎన్నడు చెప్పలేదు గద.”

మొండయ్యకు అర్థం కాలేదు.

“పెండ్లయిన కొత్తల మా ఇంట్ల అన్నం మాడగొట్టింది,” అంది పోశవ్వ. “నేను ఊకుంటనా, నోరు వెట్టిన. ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. ‘మా బాపు ఉంటె మాడకపోవు అత్తా, దొర బంగ్లాల మంటంత మా బాపే సూసేది, ఆయన మంట వెడితె ఒక దిక్కు మాడదు, ఒక దిక్కు పచ్చిగుండది’ అన్నది. మూడేండ్ల సంది మా ఇంట్ల ఏది మాడినా గదే ముచ్చట. మంట వెట్టుడు సుత ఒక పనితనమేనా, సూపియ్యి సూద్దామన్న. నేను వంట తిన వచ్చిననుకున్నవా? నాకు వండుకోను రాదా? నీ మంట సూడ వచ్చిన.”

అని, తన ఆకులో మిగిలిన రొట్టె ముక్కను తిరగేసి, మొండయ్య వైపు చూపించింది.

“ఏడ మాడింది? సూపియ్యి.”

మొండయ్య బిడ్డ వైపు చూశాడు. ఆ పిల్ల చట్టి అంచుకు అంటిన పెచ్చు గోరుతో తీసుకుంటోంది.

“చిన్నప్పుడు బంగ్లకు సద్ది తెచ్చినప్పుడల్ల సూసెడిదాన్ని గదా బాపూ. భట్టీ ముంగట నువ్వే ఉండెటోనివి.”

“మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి బిడ్డా.”

“నువ్వు గంత సంబురంగ చెప్తుంటె ఎట్ల ఆపుదు?”

మొండయ్యకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. సిగ్గు కొంత, సంతోషం చాలా. పదేళ్ళు కష్టపడి లండన్ దాకా లాక్కుపోయిన వంటవాడు ఆ పిల్లకు అక్కరకే రాలేదు. మసి కొట్టుకున్న బాపునే అత్తింటికి తీసుకుపోయి గొప్పగా చెప్పుకుంది. పోశవ్వ, ఏడ్చుడు తర్వాత తమ్మీ, ముందు తిను, చల్లారుతున్నది అంది. బుచ్చవ్వ వచ్చి ఆయన ఆకులో పెద్ద ముక్క వేసింది. పన్నెండేళ్ళు కాల్చిన రొట్టెను మొండయ్య తినడం అదే మొదలు.

ఆ మిరుగం తర్వాత లక్సెట్టిపేటలో కథ మారింది. వంట ఖాసీం మియాది, మంట తనది అని మొండయ్య ముందే చెప్పేసేవాడు. అయితే మనిషి మనిషే కదా. రెండో ఏటికే దొర పెరట్లోకి వచ్చి ఆ మంటను చూసి పోవడం మొదలుపెట్టాడు. నాలుగో ఏటికి భట్టీ ముందు టోపీ తీసేవాడు. నిజమేనా అని ఎవరైనా అడిగితే, మొండయ్య చుట్ట వెలిగించుకుంటూ, చొప్పదండిలో నా బిడ్డ ఉన్నది, దాన్నడుగుండ్రి అనేవాడు. కొందరు నిజంగానే పోయి అడిగారు. బాలలక్ష్మి పొయ్యిలో కట్టె వెనక్కి లాగుతూ, టోపీ సంగతి నాకెరుక లేదు గని, ఆ మంట మాత్రం నేను సూసిన అని చెప్పేది.